మడతలో పోయిన డొంక

ఈ ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా అక్క కొడుకు ఊరి నుంచి బస్సు దిగి, బెంజ్ సర్కిల్ దగ్గరున్న మా ఇంటికి వచ్చీ రాగానే, భోజనాల బల్ల మీది పచ్చడి సీసాలూ మందుల డబ్బా పక్కకు జరిపి, చంకలో పెట్టుకుని తెచ్చిన ఒక పెద్ద కాగితాన్ని పరిచాడు. చుట్టిన కాగితం పరిచేటప్పుడు నాలుగు మూలలా నాలుగు బరువులు పెట్టాలని కూడా తెలియనివాడు, రెండు మూలలు రెండు చేతులతోనూ, ఒక మూల మోచేతితోనూ పట్టుకుని, నాలుగోదాన్ని గడ్డంతో అదిమి, ఆ భంగిమలోనే నా వైపు చూస్తున్నాడు. నేను లోపలి నుంచి ఉప్పు జాడీ, రెండు ఖాళీ గ్లాసులు, కళ్లజోడు పెట్టె తెచ్చి ఒక్కో మూలకు ఒక్కోటి పెట్టాక గాని వాడు తల ఎత్తలేదు. యాభై ఆరేళ్లవాడు, హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు, నా ముందు ఇప్పటికీ అలాగే ఉంటాడు.

అది మా ఊరి పటం. కూచిపూడి దాటి దిగువకు పోయే బస్సు ఎక్కితే, కాలువ మీద పాత లాకు దగ్గర దిగాల్సిన చిన్న ఊరు మాది. పటంలో మా ఊరూ ఉంది, చెరువూ ఉంది, కాలువా ఉంది. ఊరికి తూర్పున మా సమాధుల తోట కూడా, నాలుగు సన్న గీతల మధ్య చిన్న చిన్న శిలువ గుర్తులతో, ఉండవలసిన చోటే ఉంది. దానికి వెళ్లే డొంక మాత్రం లేదు. డొంక అంటే మన వైపు వాళ్లకు చెప్పనక్కరలేదు. పట్నంలో పుట్టిన మనవలు పక్కన కూర్చుని వింటుంటే వాళ్ల కోసం చెబుతున్నాను, పొలాల నడుమ ఏ ఒక్కరిదీ కాకుండా ఊరందరిదీ అయిన బండిదారి.

ఆ తోట చుట్టూ ఉన్న మాగాణి అంతా ఇప్పుడు చేపల చెరువులు. తోటకూ రోడ్డుకూ మధ్య చెరువు వేసినాయన సముద్రం వైపు నుంచి వచ్చిన బెస్తవారి ఆసామి, కష్టపడి పైకి వచ్చినవాడు, ఎవరితోనూ తగువు పెట్టుకునే రకం కాదు. తాను కొన్నప్పుడు చూపించిన పటంలో దారి లేదు కాబట్టి లేదన్నాడు. ఊళ్లో భూములన్నీ మళ్లీ కొలుస్తున్నారు. మార్చి నెలాఖరుకు మా వైపు కొలత ముగించి హద్దురాళ్లు పాతేస్తారట. ఆ తరువాత లేని దారి ఇక ఎన్నటికీ లేనట్టే. డొంక ఉండేదని ఊళ్లో పెద్దవాళ్లందరికీ తెలుసు గాని, ఎక్కడ ఉండేదో చూపించమంటే ఇద్దరు మనుషులు ఒక చోటు చూపించడం లేదు. ఆనవాళ్లన్నీ నీళ్లలో కలిసిపోయాక, తాటిచెట్లు పోయాక, ఏ గట్టు మీద నిలబడి చూసినా ఒకేలా ఉంటుంది కదా.

ఇదంతా నాకు వార్తగా వినిపించి వదిలేయడానికి రాలేదు వాడు. మా అక్క సరిగా అన్నం తినడం మానేసిందని చెప్పడానికి వచ్చాడు.

అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. తనకు తొంభై అని అందరితోనూ చెబుతుంది గాని, నా లెక్క ప్రకారం ఎనభై ఆరే. ఈ విషయం మీద మా ఇద్దరికీ ఏటా ఒకసారి మాటామాటా వస్తుంది. మూడేళ్ల క్రితం ఆగస్టులో బావ పోయినప్పుడు, చెరువు ఆసామి పాపం కాదనకుండా తన గట్టు మీదుగా తీసుకెళ్లమన్నాడు. ఆ గట్టు ఒక మనిషి నడిచే వెడల్పే ఉంటుంది. పెట్టె మోసేవాళ్లు ఇద్దరిద్దరు పక్కపక్కన నడవాలంటే చోటు చాలక, అటు ఇద్దరూ ఇటు ఇద్దరూ మోకాటిలోతు నీళ్లలోకి దిగి, బురదలో కాళ్లు జారుతూ, పెట్టె ఒక పక్కకు ఒరుగుతూ, దాన్ని నిలబెడుతూ వెళ్లారు. ఆడవాళ్లం రోడ్డు మీదే ఆగిపోయాం. అక్క ఏడవలేదు. పెట్టె ఒరిగిన ప్రతిసారీ తన చేతిని అటు నుంచి ఇటు కదిపింది, తానే పట్టి నిలబెడుతున్నట్టు.

ఆ రోజు నుంచీ ఆమె మనసులో ఉన్న భయం ఒకటే. పైకి మాత్రం వేళాకోళంగానే అంటుంది. "ఒరేయ్, నన్ను మోసేవాళ్లలో ఈతొచ్చినవాళ్లని ఇప్పుడే చూసి పెట్టరా, నేను మీ నాన్నలాగా తేలికమనిషిని కాదు" అని కొడుకుతో అనేదట. కొత్త కొలతల సంగతి తెలిశాక ఆ వేళాకోళం కూడా మానేసింది. మానేశాకే వాడికి భయం వేసింది.

సరే, కాఫీ ఇచ్చి వాడిని ఒక పక్కన కూర్చోబెట్టి, భూతద్దం తీసుకున్నాను. చూడగానే పటం ఎక్కడిదో నాకు తెలిసిపోయింది. మూలపటం కాదు; ట్రేసింగు గుడ్డ మీద ఎత్తి రాసిన నకలు, దానికి అచ్చు, ఆ అచ్చుకు మళ్లీ ఈ కాలపు యంత్రం తీసిన నకలు. అక్షరాలు మా గదివి. మా గది అంటే, గవర్నర్‌పేటలో ఒక పాత మేడ మీద, నేను ఇరవై ఒకటో ఏట ట్రేసరుగా చేరిన డ్రాయింగు గది.

మీలో కొందరికైనా ఆ ఉద్యోగం గుర్తుండే ఉంటుంది. ఉత్తరపు కిటికీల వెంట ఏటవాలు బల్లలు, ఒక్కో బల్ల దగ్గర ఒక్కో ఆడపిల్ల, పాత పటం మీద నీలిరంగు తిరిగిన గాజులాంటి గుడ్డ పరిచి, పిన్నులు గుచ్చి, కింద కనిపించే ప్రతి గీతనూ నల్లసిరాతో పైకి ఎత్తడం. ఆ గుడ్డకు గంజి పట్టించి ఉంటుంది గనుక సిరా నిలవడానికి ముందు సీమసున్నం పొడి చల్లి మెత్తటి బట్టతో రుద్దాలి. నీటి చుక్క పడితే ఆ గుడ్డ పాడైపోతుంది. బెజవాడ మే నెల సంగతి మీకు తెలియనిది కాదు. ఫ్యాను వేస్తే గుడ్డ లేచిపోతుంది, వేయకపోతే నుదుటి మీది చెమట ఎప్పుడు రాలుతుందో తెలియదు. అందుకని తలకు చేతిరుమాలు కట్టుకుని, మణికట్టు కింద ఇంకో రుమాలు పరుచుకుని పనిచేసేవాళ్లం. మధ్యాహ్నం మజ్జిగ తాగాలంటే వరండాలోకి పోవలసిందే. ఈనాటికీ నా బల్ల మీద ఎవరైనా మంచినీళ్ల గ్లాసు పెడితే, కాగితం ఏదీ లేకపోయినా, దాన్ని తీసి దూరంగా పెడతాను.

పనికిరాని గుడ్డముక్కలు మాకే ఇచ్చేవారు. నాలుగైదు ఉతుకులకు గంజంతా పోయి పాల మీగడ లాంటి మల్లుగుడ్డ మిగిలేది. ఆ గుడ్డతో మాలో ఎందరు పిల్లలకు టోపీలు కుట్టామో. మా అక్కకు కొడుకు పుట్టినప్పుడు నేను కుట్టి పంపిన టోపీ కూడా దానిదే. అంటే మొన్న నా బల్ల మీద పటాన్ని గడ్డంతో అదిమిపట్టినవాడు, పుట్టిన వారానికే ఒక పటాన్ని నెత్తిన పెట్టుకున్నాడన్నమాట.

మా హెడ్డు గారు మెల్లగా మాట్లాడే మనిషి. ఆయన మాకు నేర్పిన మొదటి పాఠమూ చివరి పాఠమూ ఒకటే. "ఉన్నది గీయండమ్మా, ఉండాలనుకున్నది గీయకండి" అనేవారు. పాత పటంలో గీత అరిగిపోయి కనిపించకపోతే, ఇక్కడి నుంచి అక్కడికి పోయి ఉంటుందిలే అని ఊహించి కలపకూడదు. ఖాళీగా వదిలి, పటం చట్రానికి బయట, అంచులో, రెండు చిన్న చుక్కలు పెట్టాలి. ఎవరైనా పొలానికి వెళ్లి చూసి రావాలని ఆ చుక్కలకు అర్థం. ఆ నియమాన్ని నేను అప్పుడూ తప్పుపట్టలేదు, ఇప్పుడూ పట్టను. ఊహించి గీత గీసే చేయి, ఒకరి పొలాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

మా అక్క కొడుకు తెచ్చిన కాగితంలో ఆ అంచు లేదు. యంత్రంలో పెట్టినవాళ్లు చట్రం దాకా ఉంచి మిగతాది కత్తిరించేశారు. వాళ్లకేం తెలుసు, ఖాళీ కాగితమే కదా అనుకుని ఉంటారు.

అంచు లేదు గనుక నేను లోపల వెతకడం మొదలుపెట్టాను. పొలాల హద్దుగీతలు పడమటి నుంచి తూర్పుకు పోతూ పోతూ ఒకచోట వెంట్రుకవాసి తెగి మళ్లీ మొదలవుతున్నాయి. దాని కింది హద్దు కూడా అంతే. ఒక బోదె గీత, అంటే పొలాలకు నీళ్లు పారించే పిల్లకాలువ, అదీ అక్కడే తెగింది. ఒక పొలం పేరులో నడిమి అక్షరం సగమే ఉంది. అన్నింటికీ స్కేలు ఆనించి చూస్తే, తెగినవన్నీ ఒకే నిలువు వరసలో, కాగితం వెడల్పులో సరిగ్గా నాలుగో వంతు దగ్గర ఉన్నాయి.

"ఇక్కడ మడత ఉందిరా" అన్నాను.

వాడు వేలితో రాసి చూశాడు. "మడతేంటి పిన్నీ, నున్నగా ఉంటేనూ."

"దీనికి కాదు. దీని తాతకు."

ఆ రోజుల్లో ఊరి పటాన్ని కరణంగారు తన సంచిలో పెట్టుకుని తిరిగేవారు. పొలం గట్టు మీద విప్పడం, మడవడం, మళ్లీ ఇంకో గట్టు మీద విప్పడం. ఎప్పుడూ పాత మడత మీదే మడిచేవారు, కొత్త మడత పడితే పటం పాడవుతుందని. ఏళ్ల తరబడి అలా మడిచిన చోట సిరా రాలిపోతుంది. అడ్డంగా పోయే గీతలైతే వెంట్రుకవాసి తెగి ఊరుకుంటాయి, ఎవరికీ నష్టం లేదు. నిలువునా పోయే దారి ఒకటి సరిగ్గా ఆ మడత మీదే ఉంటే, రోడ్డు నుంచి తోట దాకా ఆ దారి మొత్తం ఆ మడతలోనే పోతుంది. ట్రేసరు ఉన్నదే గీసింది, చుక్కలు పెట్టే ఉంటుంది. పొలానికి వెళ్లి చూసినవాళ్లు లేరు, ఆ చుక్కలు కూడా ఇప్పుడు లేవు. ఆ చేయి నాది కాదని అక్షరాల వాలు చూసి చెప్పగలను గాని, నాదే అయినా అలాగే వదిలి ఉండేదాన్ని.

వాడు లెక్కల మాస్టారు గనుక వెంటనే అసలు ప్రశ్న వేశాడు. పటం లేకుండా ఇదంతా మన ఊహే కదా, ఎవరు ఒప్పుకుంటారు అని. నిజమే. నేనే హెడ్డు గారి బల్ల దగ్గర కూర్చుని ఉంటే నేనూ ఒప్పుకోను. ఆ రాత్రి వాడు మా ఇంట్లోనే ఉండిపోయాడు. పొద్దున వాడికి ఇడ్లీలు పెడుతూ, బాల్కనీ నుంచి బందరు రోడ్డు మీద బస్సుల మోత వింటూ ఉంటే, ఆ రోడ్డు పక్కన కాలువ మీద పడవలు నడిచిన రోజులూ, వాటి వెంట మా నాన్నా గుర్తుకొచ్చారు.

మా నాన్న కాలువల శాఖలో లస్కరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, గట్ల మీద తిరిగి గండ్లు పడకుండా చూడటం ఆయన పని. లాకు పక్కనే మాకు రెండు గదుల ఇల్లు. పై అధికారి తనిఖీకి వచ్చిన రోజున నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆయన వెనకాల ఒక పొడుగాటి తగరపు గొట్టం భుజాన పెట్టుకుని నడిచేవారు. అందులో పటం ఉండేది. లాకు అరుగు మీద దాన్ని పరిచినప్పుడు, ఎగిరిపోకుండా ఒక మూల మీద రాయి పెట్టి కూర్చునే పని నాది. అంత పెద్ద నీలిరంగు కాలువ పక్కన ఆవగింజంత ఎర్రచుక్క ఒకటి చూపించి, "ఇదిగో మనిల్లు" అన్నారు నాన్న ఒకసారి. నేను నమ్మలేదు. మా ఇంట్లో ఆరుగురం ఉన్నాం, అంత చుక్కలో ఎలా పడతాం అని నా అనుమానం.

ఇడ్లీ గరిట చేతిలో ఉండగానే నాకు తట్టింది. కరణాల పటాలు మడిచేవారు. కాలువల పటాలు చుట్టేవారు.

మా అక్క కొడుకు అర్జీ పెట్టి, రెండు మూడుసార్లు తిరిగి, పాత ఆయకట్టు పటాలు ఉన్న గది చూడటానికి అనుమతి సంపాదించేసరికి మార్చి మొదటివారం దాటింది. నేనూ వెళతానన్నాను. మోకాళ్ల సంగతి వాడు గుర్తుచేశాడు. పటం చూసేది మోకాళ్లతో కాదన్నాను. అక్కడి ఉద్యోగి మంచి మనిషి, నాకు కుర్చీ వేసి, బీరువా పైనుంచి రెండు గొట్టాలు దించాడు. మొదటిదాని మూత తీయగానే లోపలి నుంచి చెదమట్టి రాలింది. అతడు తిరగేసి తట్టాడు. మట్టితో పాటు గోరంత నీలిరంగు ముక్క ఒకటి నేల మీద పడింది. మా అక్క కొడుకు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

రెండోదాని మూత తుప్పు పట్టి రాలేదు. ఆ ఉద్యోగి స్క్రూడ్రైవరు వెనక్కి తిప్పి చుట్టూ మెల్లగా తట్టుకుంటూ వచ్చాడు. అంత సేపూ నేను చిన్నప్పుడు లాకు అరుగు మీద రాయి పట్టుకుని కూర్చున్నట్టే కూర్చున్నాను. మూత ఊడింది. లోపలి నుంచి మట్టి రాలలేదు. పాత గుడ్డ వాసన, కర్పూరం వాసన కలిసి వచ్చాయి. ఎవరో పుణ్యాత్ములు ఎప్పుడో కర్పూరం బిళ్లలు వేసి మూశారు. పరుస్తుంటే ఎవరో నాకు మంచినీళ్ల సీసా అందించారు. దాన్ని గది బయట పెట్టి రమ్మన్నాను.

ఏం చెప్పను, అరవై డెబ్బై ఏళ్ల కిందటి మా వైపు అంతా ఆ గుడ్డ మీద ఉంది. ముందు ఎర్రచుక్క కోసం వెతికాను. ఉంది. మా ఆరుగురం ఉన్నాం. దాని కింద పడవల రేవు. బెజవాడ నుంచి వచ్చే పడవలు అక్కడ ఆగితే, కిరసనాయిలు డబ్బాలూ బట్టల మూటలూ దిగేవి, మా వైపు నుంచి ధాన్యం ఎక్కేది, మేం పిల్లలం తాడు లాగేవాళ్ల వెంట గట్టు మీద కొంతదూరం పరుగెత్తి వెనక్కి వచ్చేవాళ్లం. రేవు పక్కన మిషన్ బడి, దాని బావి కూడా ఒక సున్నా చుట్టి చూపించారు. చాకిరేవు ఉంది. తాటితోపు, ఒక్కో చెట్టుకూ ఒక్కో చిన్న గుర్తు, డెబ్బై ఏడు ఉప్పెన గాలికి పడిపోయిన తోపు. పొలాలకు పేర్లున్నాయి, జమ్ము పల్లం, కొంగల మెరక, గుడ్డిబోదె చెక్క. ఆ పేర్లు నోటితో పలికి ఎన్నేళ్లయిందో. మా అక్క కొడుకు ఒక్కొక్కటీ చదువుతుంటే, ఏది పల్లమో ఏది మెరకో, ఎక్కడ మినుము బాగా పండేదో, ఎక్కడ మా కాళ్లకు జలగలు పట్టేవో నేను చెబుతూ పోయాను. అదే చోటును వాడు ఫోనులో పైనుంచి తీసిన బొమ్మలో చూపించాడు. నలుచదరపు అద్దపు ముక్కలు పక్కపక్కన పేర్చినట్టు నీళ్లే నీళ్లు. రెండూ ఒకే ఊరంటే, ఎర్రచుక్కలో ఆరుగురు పడతారంటే నమ్మనట్టే, నమ్మబుద్ధి కాలేదు.

డొంకను చివర చూశాను. కావాలనే ఆఖరున ఉంచుకున్నాను, లేకపోతే ఎలాగా అని. పెన్సిలు తిరగేసి, మొద్దు వైపుతో, గుడ్డను తాకకుండా రోడ్డు వెంట తెచ్చాను. రోడ్డు మలుపు తరువాత రెండు చుక్కల గీతలు పక్కపక్కన దిగి, బోదెను దాటి, సూటిగా పోయి శిలువ గుర్తుల దగ్గర ఆగాయి. బోదె దాటిన చోట తూము గుర్తు కూడా ఉంది, ఎర్రసిరాతో.

నేను కళ్లజోడు తీసి తుడుచుకుంటుంటే, మా అక్క కొడుకు, "లేదా పిన్నీ?" అన్నాడు భయంగా.

"ఉందిరా. ఎక్కడికి పోతుంది."

ఆ పటం మైలుకు ఎనిమిది అంగుళాల కొలతది, అంటే ఒక అంగుళం ఆరువందల అరవై అడుగులు. రోడ్డు నుంచి తూముకు అర అంగుళం. తోట గేటుకు సరిగ్గా అంగుళం మీద ఎనిమిదో వంతు. ఏడువందల నలభై రెండున్నర అడుగులు. రెండుసార్లు కొలిచాను. నకలు తీయిస్తూ, అంచు కత్తిరించవద్దని ఆ ఉద్యోగికి మూడుసార్లు చెప్పాను. చివరకు అతడు, "రాసిపెట్టుకున్నానండీ" అని చేతి మీద పెన్నుతో రాసుకుని చూపించాడు.

పొలం మీద కొలత పెట్టింది ఊరి సర్వేయరు అమ్మాయి. మా కాలంలో గొలుసు ఈడ్చుకుంటూ ఇద్దరు మనుషులు పోయేవారు. ఈ పిల్ల ఒక్కతే, కర్ర మీద పుట్టగొడుగులాంటి పరికరం పెట్టుకుని, చేతిలో తెర చూసుకుంటూ నడిచింది. నేను అడుగుల్లో చెబితే తను మీటర్లలోకి మార్చుకుంది. అక్క గట్టు మీద, గొడుగు కింద, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. అక్కను రావద్దంటే, తన దారి తాను చూసుకోకపోతే ఎవరు చూస్తారంది. చెరువు ఆసామి కూడా ఉన్నాడు. పటం నకలు అతడికి చూపించాం. చాలాసేపు చూసి, "కాయితం నిజమే కావచ్చండీ, నేల ఏమంటుందో చూద్దాం" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. అంచులోని చుక్కలు అడిగేదీ అదే.

పిల్ల నూరు మీటర్లు నడిచి, ఇంకో అడుగు వేసి ఆగింది. అక్కడ గట్టు వారన గుర్రపుడెక్క మందంగా పట్టి ఉంది. ఆసామి పనివాడిని పిలవలేదు. తానే పంచె ఎగ్గట్టి దిగి, చేతులతో గుర్రపుడెక్క లాగి పక్కకు తోసి, గునపం నీళ్లలోకి దించాడు. మెత్తగా దిగిపోయింది. మూరెడు పక్కన మళ్లీ దించాడు. అదీ దిగిపోయింది. కొలత తప్పానా, గుడ్డ సాగిందా అని లోపల లెక్క మళ్లీ మొదలుపెట్టాను. మూడోసారి గునపం ఠక్కుమంది.

అతడు వంగి, మోచేతి దాకా చేయి పెట్టి తడిమాడు. "ఇటికండీ" అన్నాడు.

అక్క కుర్చీలోంచే అంది. "అది బోదె మీద తూము. దాని మీద కూర్చునే మీ బావ చుట్ట కాల్చేవాడు, నాకు తెలియదనుకుని."

ఆ తూముకు రెండు పక్కలా ఉన్న గోడల మధ్య కొలిస్తే ఇరవై అడుగులకు రెండున్నర అంగుళాలు తక్కువ. పాత గొలుసు లెక్కలో అది సరిగ్గా ముప్పై లింకులు, బండిదారికి పెట్టే వెడల్పు. ఇద్దరిద్దరు పక్కపక్కన నడిచి ఒక పెట్టెను మోయడానికి చాలినంత కంటే ఎక్కువే. తోట గేటు దాకా ఆ అమ్మాయి పరికరం చూపించిన దూరానికీ నా దూరానికీ ఒక్క అడుగు తేడా వచ్చింది. పాత గుడ్డ ఆ మాత్రం సాగుతుందని చెప్పాను. ఆ పిల్ల నవ్వి, తన పరికరం కూడా ఆ మాత్రం అటూఇటూ అవుతుందంది. మర్యాద తెలిసిన పిల్ల.

ఆసామి ఒడ్డెక్కి కాళ్లు కడుక్కుని, "రాసేసుకోండి మేడం, నా వైపు నుంచి సంతకం చేస్తాను" అని ఆమెతో చెప్పి, అక్క దగ్గరకు వచ్చాడు. "మామ్మగారూ, పటంలో లేదన్నాను గాని, మీ సమాధుల మీద నాకేం పగండీ. మా నాన్న మొదటిసారి వల వేసింది మీ లాకు దగ్గరే. చేపలు పట్టేశాక గట్టు వెనక్కి జరిపిస్తాను. ఆ దారిలో నా మేత బండి కూడా వస్తుంది, మీరు ఏమనుకోకూడదు."

"రానీ నాయనా. నేను పోయే రోజున మాత్రం నా వెనకాల రావాలి, ముందు కాదు" అంది అక్క.

అతడు నా వైపు చూశాడు. నేను మా అక్క వైపు చూశాను. ఆ మధ్యాహ్నం ఆమె రెండుసార్లు అన్నం పెట్టించుకుందని, చేపల పులుసులో ఉప్పు తక్కువైందని కోడలిని సాధించిందని, సాయంత్రం మా అక్క కొడుకు నాతో ఎంతో సంతోషంగా చెప్పాడు.

ఆసామి మాట తప్పలేదు. ఈస్టరుకు ముందు వారమే మట్టి పోయించి చదును చేయించాడు. చిన్నతనంలో ఈస్టరు తెల్లవారుజామున ఊరంతా లాంతర్లు పట్టుకుని ఆ డొంక మీదే నడిచేవాళ్లం. కోసిన చేలలో నెర్రెలు విచ్చిన నేల, అక్కడక్కడా మినుము కుప్పలు, ముందు రోజు సున్నం కొట్టిన సమాధులు చీకట్లో తెల్లగా, వాటి మీద కొవ్వొత్తులు. అక్క నా చేయి పట్టుకునేది, నేను కొవ్వొత్తి పట్టుకునేదాన్ని. ఈసారి అక్క ఆటోలో వచ్చింది, నేను పక్కన కూర్చున్నాను. రెండు వైపులా నీళ్లే. అయితే మా కొవ్వొత్తులు ఆ నీళ్లలో కూడా వెలిగాయి, అది ఒకప్పుడు లేదు. బావ సమాధి దగ్గర ఆటో ఆపించుకుని, పక్కనున్న ఖాళీ జాగా వైపు ఒకసారి చూసి, "ఇక తొందరేముందే, దారెక్కడికీ పోదుగా" అంది.

ఈ మధ్య నేను తరచూ ఆ మాటే తలుచుకుంటాను. పడవలు పోయాయి, రేవు పోయింది, మా ఎర్రచుక్క ఇంటి గోడలు కూడా లేవు. కొత్త పటంలో పొలాలకు అంకెలే గాని పేర్లు లేవు. కొంగల మెరక అని ఒక చోటు ఉండేదని చెప్పడానికి అక్కా నేనూ, ఆ తగరపు గొట్టమూ మిగిలాం. ఇప్పటి పటాలు తెరల మీద ఉంటాయి గనుక వాటికి మడతలు పడవు, సిరా రాలదు, అది మంచిదే. కాని ఒక పటాన్ని నలుగురూ నాలుగు మూలలా పట్టుకుని, ఒకరి తలకు ఒకరి తల తగులుతుంటే వంగి చూసే ఆ చూపు కూడా వాటితో పాటే పోయింది.

కొత్త కొలత పూర్తయ్యాక డొంక గీసిన పటం కాగితం మీద కూడా ఇచ్చారు. మా అక్క కొడుకు దాన్ని చుట్టి తెచ్చి అక్కకు ఇచ్చాడు. తరువాతి నెల నేను వెళ్లేసరికి అక్క దాన్ని నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచుకుంది. పటాన్ని మడవకూడదని యాభై ఏళ్లుగా చెబుతున్నాను, సొంత అక్కే వినలేదు. అక్క మధ్యాహ్నం నిద్రపోతుండగా తీసి విప్పాను. మడత సరిగ్గా డొంక మీదుగా పడి ఉంది. చేత్తో సాపు చేసి, వేళ్లతో కొలుచుకుని, కొంచెం పక్కకు జరిపి మళ్లీ మడిచాను. ఇప్పుడు మడత చెరువు మీద పడుతుంది. అక్కడ అరిగినా నీళ్లే కదా.